ఉన్నత విద్యలో వాస్తవజీవిత అభ్యసనం: మాండలిక వృత్తిపదకోశం నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థిని తరగతి గది దాటించి ఊరికీ, పొలానికీ, కార్ఖానాకూ పంపాలన్న ఆలోచన నేడు ఉన్నత విద్యా ప్రణాళికలన్నింటిలోనూ కనిపిస్తుంది. ఇటువంటి అభ్యసనాన్ని గంటలతోనూ, హాజరుతోనూ, నివేదికలోని పుటల సంఖ్యతోనూ కొలిచే పద్ధతిని ఈ వ్యాసం విమర్శిస్తుంది. ‘వాస్తవం’ అనే మాటకు విద్యాశాస్త్రంలో ఉన్న అర్థాలను పరిశీలించి, తెలుగునాట క్షేత్రపరిశోధన సంప్రదాయం, ముఖ్యంగా మాండలిక వృత్తిపదకోశం, ఆ మాటకిచ్చిన అర్థంతో పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: వాస్తవజీవిత అభ్యసనం, ఇంటర్న్‌షిప్, సామాజిక సేవా ప్రాజెక్టు, క్షేత్రపరిశోధన, మాండలిక వృత్తిపదకోశం, మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరం నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళిక మూడేళ్ళ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం ముగిశాక సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తరువాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది ఒక సెమిస్టరు కాలం పనిస్థలంలో శిక్షణ అన్నవి అందులోని మెట్లు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా అనుభవం ద్వారా నేర్చుకోవడాన్ని గట్టిగా సమర్థించింది. వ్యవసాయ విద్యలో ఈ పద్ధతి అంతకంటే పాతది. చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామంలో ఉండి, ఆతిథేయ రైతుతో కలిసి పనిచేసే కార్యక్రమం 2015లో ప్రారంభమైన ‘స్టూడెంట్ రెడీ’ పథకంలో ఒక ప్రధానాంశమైంది. వైద్య విద్యార్థులు గ్రామంలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించే ఏర్పాటు కూడా ఇటీవల వచ్చింది.

ఈ లక్ష్యాన్ని కాదనేవారు దాదాపు లేరు. విమర్శకు పదునైన అవసరం ఏర్పడేది ఇటువంటి చోటనే. అందరూ ఒప్పుకున్న మాటను ఎవరూ నిర్వచించరు. ‘వాస్తవ ప్రపంచం’ అన్న పదబంధం ఉత్తర్వుల్లోనూ, సదస్సు కరపత్రాల్లోనూ, అక్రెడిటేషన్ నివేదికల్లోనూ తిరుగుతూ ఉంటుంది. కళాశాల గోడకు అవతల ఉన్నదంతా వాస్తవం, ఇవతల ఉన్నదంతా కృత్రిమం అన్న భావన దాని వెనుక నిశ్శబ్దంగా నిలబడి ఉంటుంది. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ‘వాస్తవం’ ఎక్కడ ఉంది?

అనుభవమే విద్య అని చెప్పినవాడిగా జాన్ డ్యూయీని మన బి.ఎడ్. తరగతుల్లో పరిచయం చేస్తారు. ఆయన 1938లో ప్రచురించిన ‘ఎక్స్‌పీరియెన్స్ అండ్ ఎడ్యుకేషన్’లోని ప్రధాన వాదం దీనికి కొంత భిన్నమైనది. అన్ని అనుభవాలూ విద్య కాలేవని, తరువాతి ఎదుగుదలకు అడ్డుపడే అనుభవాలు కూడా ఉంటాయని ఆయన హెచ్చరించాడు. అంటే బయటికి పంపడమే చాలన్న వాదానికి డ్యూయీ పేరు సాక్ష్యంగా చెల్లదు. సిద్ధాంతకర్తల పేర్లు చెప్పి వారి షరతులను వదిలేయడం మన విద్యా రచనల్లో పాత అలవాటే.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వెలువరించిన ‘సిచ్యుయేటెడ్ లెర్నింగ్’ ఈ చర్చకు మరింత ఉపయోగపడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవారిని లేవ్ పరిశీలించింది. అక్కడ శిష్యుడు నేర్చుకునే క్రమం బట్ట తయారయ్యే క్రమానికి తలకిందులుగా ఉంటుంది. మొదట బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం వంటి ముగింపు పనులు, ఆ తరువాత కుట్టడం, చిట్టచివర కత్తిరించడం. ఇందులో ఒక తర్కం ఉంది. ముగింపు పనులు చేసేవాడి కళ్ళముందు పూర్తయిన దుస్తు రూపం ఉంటుంది. అక్కడ పొరపాటు జరిగితే విప్పి సరిచేయవచ్చు. కత్తెర వేటులో పొరపాటు జరిగితే బట్ట పాడవుతుంది. ఈ క్రమాన్ని పాఠ్యప్రణాళికగా ఎవరూ రాసిపెట్టలేదు. అయినా అది పకడ్బందీ అయిన పాఠ్యప్రణాళికే.

అదే గ్రంథం అమెరికాలో మాంసం కోసే వృత్తి నేర్చుకునేవారి ఉదాహరణను కూడా చర్చిస్తుంది. సూపర్ మార్కెట్‌లో చేరిన శిష్యుణ్ణి పొట్లాలు చుట్టే యంత్రం దగ్గర నిలబెడతారు. అనుభవజ్ఞులు మాంసం కోసే గది వేరే చోట ఉంటుంది. వాళ్ళు ఏం చేస్తున్నారో అతనికి కనిపించదు. పనిస్థలం వాస్తవమే, యజమాని వాస్తవమే, పని గంటలూ వాస్తవమే. అయినా నేర్చుకోవలసినది మాత్రం గోడకు అవతల ఉండిపోయింది. కంపెనీకి ఇంటర్న్‌గా వెళ్ళి నెలల తరబడి ఎక్సెల్ పట్టికలు నింపే విద్యార్థి పరిస్థితి దీనికి ఎంత దగ్గరగా ఉందో అధ్యాపకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో జాన్ హెరింగ్టన్, రాన్ ఆలివర్ 2000లో ప్రతిపాదించిన చట్రం ప్రసిద్ధమైనది. నిజమైన సందర్భం, నిజమైన పని, నిపుణుల పనితీరును చూసే అవకాశం, సహకారం, పునరాలోచన, పనిలో భాగంగానే జరిగే మూల్యాంకనం వంటి తొమ్మిది లక్షణాలను వారు సూచించారు. వీరి ధోరణిలోని సారమేమంటే, భౌతికంగా స్థలం నిజమైనదా అన్నదానికంటే ఆ పని కోరే ఆలోచన నిజమైనదా అన్నది ముఖ్యం. తరగతి గదిలో కూర్చొని చేసిన పని కూడా వాస్తవం కావచ్చు. ఊళ్ళో తిరిగి చేసిన పని కూడా కృత్రిమం కావచ్చు. ఈ రెండో వాక్యాన్ని మన ప్రణాళికా రూపకర్తలు అంతగా పట్టించుకోలేదు. అయితే హెరింగ్టన్ బృందం వాదాన్ని యథాతథంగా అంగీకరించడంలోనూ ఒక చిక్కుంది. కంప్యూటరు తెరమీద సృష్టించిన సందర్భం ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ విద్యార్థులకు చాలావరకు సరిపోవచ్చు. భాష, సంస్కృతి, వ్యవసాయం చదివేవారికి స్థలాన్ని అంత తేలికగా పక్కన పెట్టే వీలులేదు. ఈ చిక్కును స్పష్టంగా చూపే ఉదాహరణ తెలుగులోనే ఉంది.

3. తెలుగు క్షేత్రపరిశోధన: ఒక మరచిపోయిన పాఠ్యప్రణాళిక

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకున్నది పుస్తకాల నుంచి కాదు. ఆ భాషకు అప్పటికి పుస్తకాలే లేవు. భాష తెలిసిన వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని, సవరల మధ్య తిరిగి నేర్చుకున్నారు. నేర్చుకున్నది తిరిగి సవర పిల్లల బడులకు, వాచకాలకు ఉపయోగించారు. వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ముఖలింగం శాసనాలు చదవడానికి ప్రాచీన లిపులను సొంతంగా అభ్యసించడం కూడా ఈ ధోరణిలోనిదే. జనం మాట్లాడే భాషకు బడిలో స్థానం కోసం ఆయన సాగించిన పోరాటాన్ని సవర క్షేత్రానుభవం నుంచి విడదీసి చదవడం వల్ల వ్యావహారిక వాదం కేవలం శైలికి సంబంధించిన తగాదాగా కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయ పరిశోధనలో ఈ మార్గం బిరుదురాజు రామరాజుతో స్థిరపడింది. 1958లో అచ్చయిన ఆయన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పిహెచ్.డి. పరిశోధన ఫలితం. పాటను దాని పని నుంచి వేరుచేసి అడిగితే పాడేవారు తడబడతారన్నది జానపద పరిశోధకులందరికీ తెలిసినదే. రోకలి చేత పట్టనిదే దంపుళ్ళ పాట నడక దొరకదు. ఇక్కడ స్థలం అలంకారం కాదు, సమాచారంలో భాగం.

ఈ సంప్రదాయంలో విద్యాపరంగా అత్యంత విలువైనది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఇతర వృత్తుల మీద కూడా తరువాత సంపుటాలు వెలువడ్డాయి. భాషాశాస్త్రజ్ఞులు దీనిని నిఘంటువుగానే చర్చిస్తారు. విద్యాశాస్త్ర దృష్టితో చదివినవారు తక్కువ. కానీ ఉన్నత విద్యలో వాస్తవజీవిత అభ్యసనం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి తెలుగు నమూనా దొరకడం కష్టం.

పదసేకర్త ఊరికి వెళ్ళి ‘మీ సమస్యలేమిటి?’ అని అడగడు. నాగలి ముందు నిలబడతాడు. చేత్తో పట్టుకునే భాగాన్ని ఏమంటారు, నేలను చీల్చే ఇనుప ముక్కను ఏమంటారు, ఎద్దుల మెడమీద వేసేదాన్ని ఏమంటారు అని అడుగుతాడు. మేడి, కర్రు, కాడి అన్న జవాబులు కాగితం మీద పడతాయి. మరో ప్రాంతానికి వెళ్తే నాగలికే మడక అన్న పేరు వినిపిస్తుంది. ఇది కేవలం పర్యాయపదమా, పరికరం నిర్మాణంలోనే తేడా ఉందా అన్నది తేల్చుకోవాలంటే ఆ పనిముట్టు తెలియాలి. అది తెలియాలంటే రైతు పక్కన నిలబడాలి. గొర్రు, గుంటక, జడ్డిగం వంటి మాటల అర్థాలు పని జరుగుతున్నప్పుడు చూసినవాడికే స్పష్టపడతాయి. ఎక్కడ తప్పు రాస్తే అక్కడ రైతే సరిదిద్దుతాడు. అంటే మూల్యాంకనం చేసేవాడు ఆ విషయం తెలిసినవాడు. నేటి ప్రాజెక్టు నివేదికల విషయంలో సాధారణంగా కొరవడుతున్నది ఈ ఒక్క అంశమే అని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఇంకొక విశేషం ఉంది. సేకరించిన పదాలు ఏ ప్రాంతాల్లో ఎంత మేరకు వ్యాపించాయో పరిశీలించి కృష్ణమూర్తి తెలుగుదేశాన్ని నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతం ఒకటి, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మధ్యభాగం ఒకటి, రాయలసీమతో కూడిన దక్షిణ ప్రాంతం ఒకటి, తెలంగాణ ఒకటి. పొలంలో రాసుకున్న ‘మేడి’, ‘మడక’ వంటి మాటలు ఒక సిద్ధాంతానికి ఆధారాలయ్యాయి. క్షేత్రానికి వెళ్ళేముందు జవాబు తెలియదు. వెళ్ళి వచ్చాక తరగతిలో చెప్పే పాఠమే మారింది. వాస్తవజీవిత అభ్యసనానికి కొలమానం కావలసింది ఇది. క్షేత్రం నుంచి తెచ్చినది పాఠ్యాంశాన్ని కదిలించిందా లేదా?

4. నివేదిక అనే సాహిత్య ప్రక్రియ

సామాజిక సేవా ప్రాజెక్టుకు 180 గంటలు కేటాయించారు. సర్వే, అవగాహన కార్యక్రమం, చిన్న ప్రాజెక్టు, చివర నివేదిక. ఈ అమరికలో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు. చిక్కంతా నివేదిక అన్న చివరి అంకంలో ఉంది. మార్కులు దాని మీద పడతాయి కనుక మిగిలిన పనులన్నీ దాని కోసం జరుగుతాయి. ఊరి జనాభా, అక్షరాస్యత, తాగునీటి వసతి, పారిశుద్ధ్యం, సూచనలు, ఫొటోలు, సర్పంచి సంతకం. ఇది ఇప్పుడు దాదాపు ఒక సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. దానికి లక్షణాలున్నాయి, వర్ణనలున్నాయి, ఫలశ్రుతి కూడా ఉంది.

ఒక నివేదికలోని ఊరి పేరు తీసేసి మరో ఊరి పేరు పెట్టి చూడాలి. ఎక్కడా అతుకు కనిపించకపోతే విద్యార్థి ఆ ఊరిని చూడలేదన్నమాట, అక్కడ ఎన్ని గంటలు గడిపినా సరే. వృత్తిపదకోశంలోని ఆరోపానికి ఈ పరీక్ష పెడితే అది నిలబడుతుంది. అందులో ఊరు మారితే మాట మారుతుంది.

ఈ లోపానికి విద్యార్థిని నిందించడం సులభం. ఒక అధ్యాపకుడికి పదుల సంఖ్యలో విద్యార్థులను అప్పగించినప్పుడు, అందరూ వేర్వేరు ఊళ్ళకు వెళ్ళినప్పుడు, ఆయన చదవగలిగింది నివేదికను మాత్రమే. ఊరిని చదవలేరు. ఒకే గ్రామానికి వేర్వేరు కళాశాలల నుంచి వరుసగా సర్వేలు వస్తే గ్రామస్థులు కూడా జవాబులను కంఠస్థం చేసినట్టు చెప్పేస్తారు. లైబీరియా దర్జీ దగ్గర ఉన్న మెట్ల క్రమం ఇందులో లేదు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థిని మొదటి సంవత్సరంలోనే ఊరి సమస్య కనిపెట్టి పరిష్కారం సూచించమనడం, బొత్తం కుట్టడం రానివాడి చేతికి కత్తెర ఇవ్వడమే. ముందు వినడం, రాసుకోవడం, రాసుకున్నది చెప్పినవారికే చదివి వినిపించి సరిచేయించుకోవడం అన్నవి నేర్పవలసిన పనులు. ‘అవగాహన కల్పించడం’ అన్న మాటలో ఊరివాళ్ళకు అవగాహన లేదన్న ఊహ దాగి ఉంది. ఆ ఊహతో బయలుదేరినవాడు నేర్చుకోవడానికి వెళ్ళినట్టు కాదు.

5. భాష మారితే జారిపోయేది

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కళాశాలలు 2021–22 నుంచి ఆంగ్ల మాధ్యమానికి మారాయి. ఈ నిర్ణయపు మంచిచెడ్డలు వేరే చర్చ. క్షేత్రాభ్యసనం మీద దాని ప్రభావం మాత్రం ఇక్కడ ప్రస్తుతం. విద్యార్థి తెలుగులో విన్నదాన్ని ఆంగ్లంలో రాయాలి. మధ్యలో ఏం జరుగుతుందో చూడడానికి ‘పదును’ అన్న ఒక్క మాట చాలు.

వాన కురిశాక రైతు పొలం గట్టున నిలబడి ‘పదునైంది’ అంటాడు, లేదా ‘ఇంకా పదును కాలేదు’ అంటాడు. ఈ పదాన్ని నివేదికలో ‘నేలలో తేమ’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదంగా మార్చేస్తారు. తేమ ఒక కొలత. పదును ఒక నిర్ణయం. ఎక్కువ తడి ఉంటే కర్రుకు మట్టి అంటుకుంటుంది, బంక నేల గడ్డలు కడుతుంది. తక్కువ ఉంటే నాగలి దిగదు. ఈ రెండింటి మధ్య దుక్కికీ, విత్తుకూ నేల అనువుగా ఉన్న స్థితి పదును. నల్లరేగడికీ ఎర్రనేలకూ అది ఒకే రోజు రాదు, ఒకేసారి పోదు. మట్టిని పిడికిట పట్టి, పాదం మోపి తెలుసుకునే ఈ జ్ఞానం ‘అదను’ అన్న మరో మాటతో ముడిపడి ఉంటుంది. పదును నేలకు సంబంధించింది, అదను కాలానికి సంబంధించింది. అదను దాటాక పదును దొరికినా ఏ పంట వేయాలన్న ఆలోచన మారుతుంది.

ఒక విద్యార్థి 180 గంటల్లో ఈ రెండు మాటల మధ్య తేడా తెలుసుకొని, తన ఊరి నేలల విషయంలో దాన్ని నాలుగు పుటల్లో వివరించగలిగితే, అది ఏ గణాంక పట్టికకూ తీసిపోని అధ్యయనం. వృక్షశాస్త్ర విద్యార్థికీ, ఆర్థికశాస్త్ర విద్యార్థికీ, తెలుగు విద్యార్థికీ అది మూడు రకాలుగా పనికొస్తుంది. కానీ నమూనా పత్రంలో ఆ మాటకు గడి లేదు. ఆంగ్లంలోకి మార్చగానే మిగిలేది అందరికీ ముందే తెలిసిన తేమ. క్షేత్రజ్ఞానం అనువాదంలో నశిస్తుందని చెప్పడం లేదు, అనువదించడానికి ముందు ఆ మాటను మాటగా పట్టుకునే శిక్షణ ఇవ్వకపోవడమే లోపం. కనీసం క్షేత్ర దినచర్య పుస్తకాన్ని తెలుగులో రాయించి, దానికే ఎక్కువ మార్కులు కేటాయించడానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాకూడదు.

6. ఫలం ఎవరిది?

చేనేతలో ఆసు పోయడం అనే పని ఉంది. పోచంపల్లి తరహా చీరలకు రంగులద్దే ముందు, కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో వేలసార్లు తిప్పాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూసి, బడి చదువు ఆరో తరగతితో ఆపేసిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగ్ కళాశాలలు ఆయనను అతిథిగా పిలిచి శాలువా కప్పడం సులభం. ఇటువంటి వ్యక్తి సాధించినదాన్ని ప్రేరణాత్మక గాథగా మార్చుకోవడంలో మనకు ఆలస్యం ఉండదు. అడగవలసిన ప్రశ్న మరొకటి. మగ్గాల మధ్యనే ఇంజనీరింగ్ కళాశాలలు వెలసిన ప్రాంతాల్లో ఆ భుజాల నొప్పి ఎవరి ప్రాజెక్టు అంశమూ ఎందుకు కాలేదు?

మల్లేశం చేసిన పనికీ, కళాశాల ప్రాజెక్టుకూ ఉన్న తేడా తెలివితేటల్లో లేదు. ఆయన యంత్రం పనిచేయకపోతే మరునాడు మళ్ళీ అమ్మే ఆ దారం తిప్పాలి. ఫలితం కోసం ఎదురుచూసే మనిషి ఎదుట ఉంది. విద్యార్థి నివేదిక కోసం అలా ఎదురుచూసేవారు లేరు. మూల్యాంకనం పూర్తయ్యాక అది విభాగం అలమరలో చేరుతుంది. సమాచారం ఇచ్చిన ఊరికి ఒక ప్రతి కూడా వెళ్ళదు. జ్ఞానం తీసుకొని రావడమే తప్ప తిరిగి ఇవ్వడం లేని ఈ లావాదేవీని ‘సేవ’ అని పిలవడంలో ఔచిత్యం లేదు. గిడుగు సవర మాటలను సవర బడికే తిరిగి ఇచ్చారన్న విషయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

వ్యవసాయ విద్యార్థుల గ్రామ కార్యక్రమం ఈ విషయంలో కొంత మెరుగు. ఒక రైతుతో ఒక పంటకాలంలో గణనీయమైన భాగం గడిపే వీలుంటుంది. విద్యార్థి చెప్పిన సలహా ఫలించిందో లేదో చేలోనే తెలుస్తుంది. దీనిలోనూ దినచర్య పుస్తకాలను నింపడమే లక్ష్యమయ్యే ప్రమాదం ఉన్నా, నిర్మాణంలో అది సామాజిక సేవా ప్రాజెక్టు కంటే వాస్తవానికి దగ్గరగా ఉంది. సాధారణ డిగ్రీ కళాశాలలు కంపెనీల వైపు చూడడానికి ముందు ఈ పొరుగు అనుభవాన్ని పరిశీలించడం సముచితం.

7. అసంపూర్ణమైన పని ఒకటి

వ్యవసాయ పదాల సంపుటం వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. అప్పటికి పల్లెల్లో ట్రాక్టరు అరుదు. బిందుసేద్యం లేదు, వరికోత యంత్రం లేదు, పురుగుమందు చల్లే డ్రోన్ ఊహలో కూడా లేదు. నేడు ఎద్దులే లేని ఊళ్ళున్నాయి. అక్కడ మేడి, కాడి అన్న మాటలు తాతల నోట మాత్రమే వినిపిస్తాయి. మరోవైపు ట్రాక్టరుకు తగిలించే పరికరాలను నాగళ్ళనీ, గొర్రనీ పాత పేర్లతోనే పిలవడం కూడా ఉంది. పాత పదం కొత్త వస్తువును ఎక్కడ ఆవరించింది, ఎక్కడ ఆంగ్ల పదానికి చోటిచ్చింది, రోటావేటర్ ఏ జిల్లాలో ఏ ఉచ్చారణ పొందింది, కూలీ మాట్లాడుకునే పద్ధతులకు ఏ కొత్త పేర్లు వచ్చాయి, నాలుగు మండలాల సరిహద్దులు వలసలతో ఎటు జరిగాయి అన్నవి సమాధానం ముందే సిద్ధంగా లేని ప్రశ్నలు.

ఏటా వేల సంఖ్యలో డిగ్రీ విద్యార్థులు సొంత మండలాల్లోని గ్రామాలకే వెళుతున్నారు. పదుల జిల్లాల్లో, ఒకే కాలంలో, స్థానిక ఉచ్చారణ తెలిసిన ఇంతమంది సేకర్తలు 1962 నాటి సంపాదకులకు దొరకలేదు. వ్యవసాయ సంపుటంలోని ఒక్క అధ్యాయాన్ని తీసుకొని, తెలుగు విభాగాలు భాషాశాస్త్ర పరిశోధకుల పర్యవేక్షణలో ఒక ప్రశ్నావళి తయారుచేసి, చెప్పిన రైతుల పేర్లను వారి అనుమతితో నమోదు చేయించి, వచ్చిన పదాలను ఆ ఊరి పంచాయతీ కార్యాలయంలో చదివించి, దిద్దించి ప్రచురించడానికి అదనపు నిధులు పెద్దగా అవసరం లేదు. కావలసింది నివేదిక నమూనాలో కొన్ని గడులను తొలగించి, వాటి స్థానంలో ‘ఈ మాట ఎవరు చెప్పారు? ఎవరు సరిదిద్దారు?’ అన్న రెండు కొత్త గడులు చేర్చడం.